తలకట్టు ముందు ఊడుతుంది

అలంపూర్ చౌరస్తాలో దిగితే ఊళ్లోకి పోయే ఆటో నిండేదాకా ఆగాలి. ఎండాకాలం పొద్దున్నే అయినా ఆ ఆగడం తేలిగ్గా ఉండదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ పోయిన ప్రతిసారీ వేడిగాలి ఒకటి చెంపకు తగులుతుంది, దాంతోపాటు గుప్పెడు దుమ్ము. ఎరువుల దుకాణం ఒకటి నీడగా కనిపిస్తే అటు నడిచాను. దుకాణం ముందు రెండు స్టూళ్ల మీద కొత్త బోర్డు వెల్లకిలా పడుకొని ఉంది. ఎనిమిదడుగుల ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు, మీద ఆకుపచ్చ వినైల్ ఫిల్ము. దాన్ని అంటిస్తున్న కుర్రాడికి పాతికేళ్లుంటాయి. నడుమ భాగమంతా పది నిమిషాల్లో అంటించేశాడు. అంచుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. నాలుగు అంచులకే గంట పట్టేట్టుంది. ఉండబట్టలేక అడిగాను, ఇంతసేపు అంచులకేనా అని.

"నడుమ యాడికి పోతాది సార్? ఊడేదంతా అంచుకాడే," అన్నాడు, తలెత్తకుండా.

అతుకు శాస్త్రం మీద వచ్చిన లావుపాటి పుస్తకాలు చెప్పేదీ దాదాపు ఇదే. ఎందుకలా అన్నది మాత్రం ఆ కుర్రాడు చెప్పలేదు. ఆటో నిండింది, నేనూ అడగలేదు. ఆ ఎందుకు వెనక పడితే తేలిన సంగతులు ఇవి.

ముందు ఒక చిన్న పక్కదారి. మన ఊళ్లలో ఈ పని చేసే దుకాణాన్ని ఎవరూ వినైల్ షాపు అనరు, రేడియం షాపు అంటారు. బండి నంబరు ప్లేటుకు "రేడియం కొట్టించాలి" అంటారు. క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టిన రేడియానికీ ఈ స్టిక్కరుకూ ఏ సంబంధమూ లేదు. ఒకప్పుడు చీకట్లో మెరిసే గడియారం ముళ్లకు రేడియం కలిపిన రంగు పూసేవారు. మెరిసేదల్లా రేడియమే అయింది. తర్వాత వెలుగు పడితే మెరిసే స్టిక్కర్లు వచ్చాయి, పేరు వాటికి పాకింది. అసలు మెరవని మామూలు వినైల్‌క్కూడా ఇప్పుడు అదే పేరు. స్టిక్కరు ఊడినా పేరు ఊడలేదు.

ఇక అసలు విషయం. అలంపూర్‌లో అక్షరాన్ని నిలబెట్టే పద్ధతులు మూడు ఒకేచోట చూడొచ్చు. నవబ్రహ్మ ఆలయాల ఆవరణలో బాదామి చాళుక్యుల కాలపు శాసనాలున్నాయి, పన్నెండు పదమూడు వందల ఏళ్ల కిందటివి. అక్కడ అక్షరమంటే రాయిలో గుంట. రాయి మీద వేరే వస్తువేదీ లేదు, కాబట్టి ఊడడానికీ ఏమీ లేదు. అరగాలి, లేదా పగలాలి. ఊళ్లో పాత గోడల మీద ఆర్టిస్టులు కుంచెతో రాసిన అక్షరాలు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. ఆ రంగు గోడ రంధ్రాల్లోకి దిగి ఆరింది. దానికీ అంచు ఉంది గానీ, అంచు దగ్గర రంగు పలచబడి గోడలో కలిసిపోతుంది. గోరుకు దొరకదు. మూడోది చౌరస్తా బోర్డు. వినైల్ అక్షరం బోర్డులోకి దిగదు, దానితో కలవదు, మీద పడుకొని ఉంటుందంతే. మీద పడుకున్న ప్రతిదానికీ ఒక మెట్టు ఉంటుంది. ఈ మెట్టు ఎత్తు మిల్లీమీటరులో పదోవంతు. గాలికీ, నీటికీ, తుడిచే గుడ్డకూ, పిల్లల గోటికీ ఆ మెట్టే తలుపు.

ఆ తలుపును మూసి ఉంచేది జిగురు. తుమ్మబంక గానీ మైదా గంజి గానీ తడిగా రాస్తాం, ఆరాక పట్టుకుంటుంది. స్టిక్కరు జిగురు ఎప్పటికీ ఆరదు, అది ఆరితే చెడినట్టే. అదొక విచిత్రమైన పదార్థం. నెమ్మదిగా నొక్కితే చిక్కటి పాకంలా పారి ఎదుటి ఉపరితలం మీది ఎగుడుదిగుళ్లలోకి దిగుతుంది. గబుక్కున లాగితే రబ్బరులా బిగుస్తుంది. ఒకే వస్తువులో ఈ రెండు గుణాలూ ఉండాలి. ఎంత మెత్తగా ఉంటే అంటుతుందో 1960ల్లో అమెరికాలో 3ఎం కంపెనీ శాస్త్రవేత్త కార్ల్ డాల్‌క్విస్ట్ లెక్క తేల్చాడు. ఆ హద్దుకంటే గట్టిదైతే ఎంత నొక్కినా అంటదు. జిగురుకూ బోర్డుకూ మధ్య రసాయన బంధాలేమీ ఏర్పడనక్కరలేదు. అణువులు దగ్గరపడితే చాలు, వాటి మధ్య సహజంగా ఉండే బలహీనమైన ఆకర్షణే కోట్ల సంఖ్యలో కలిసి పనిచేస్తుంది. దగ్గరపడాలన్నదే షరతు. వేలిముద్ర నూనె ఒక్క పొర అడ్డం వస్తే దగ్గరతనం పోయినట్టే. బోర్డును ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ మనం పట్టుకునేది అంచులనే కదా. అందుకే ఆ కుర్రాడు థిన్నర్ గుడ్డతో నడుమ ఒకసారి తుడిచి, అంచులు మూడుసార్లు తుడిచాడు.

పారడానికి జిగురుకు సమయం కావాలి. అంటించిన నిమిషంలో ఉన్న పట్టు కంటే మర్నాటి పట్టు ఎక్కువ. పొద్దున అంటించి, సాయంత్రం అంచు లేస్తుందేమోనని గోటితో గీకి చూసే యజమానులున్నారు. వాళ్లు చూడడం కాదు చేస్తున్నది, ఊడదీయడం మొదలుపెడుతున్నారు.

ఇప్పుడు ఊడడం సంగతి. దెబ్బ మీది పట్టీ పీకడం అందరికీ అనుభవమే. చర్మానికి ఆనించి పట్టీ పొడవునా లాగితే కదలదు. కొస పైకెత్తి వెనక్కి మడిచి లాగితే సర్రున వస్తుంది. జిగురు అదే, చెయ్యీ అదే, మారింది కోణం. 1970ల్లో కెవిన్ కెండాల్ అనే శాస్త్రవేత్త దీన్ని శక్తి లెక్కతో చక్కగా విడమరిచాడు. నిట్టనిలువుగా, అంటే 90 డిగ్రీల కోణంలో లాగితే ఎంత బలం కావాలో దాన్ని ఒకటి అనుకుందాం. పూర్తిగా వెనక్కి మడిచి లాగితే అందులో సగం చాలు. 30 డిగ్రీల కోణంలో లాగాలంటే దాదాపు ఏడున్నర రెట్లు కావాలి. కోణం ఇంకా తగ్గితే ఆ బలం కొండలా పెరుగుతుంది, జిగురు కంటే ముందు ఫిల్మే తెగుతుంది. కాబట్టి బోర్డుకు పూర్తిగా ఆనుకొని ఉన్న అంచును గాలి ఏమీ చేయలేదు. అర మిల్లీమీటరు లేచి ఒక కోణం ఏర్పడిందంటే మాత్రం, ఇందాక చెంపకు తగిలిన లారీ గాలి చాలు.

బలం ఇంకొకదాని మీద కూడా ఆధారపడుతుంది, ఒక్కసారి ఎంత వెడల్పు ఊడాలి అన్నదాని మీద. నాలుగు పలకల స్టిక్కరు మూలను తీసుకోండి. ఆ మూల కొన దగ్గర ఊడాల్సిన వెడల్పు సున్నా. కాబట్టి మొదలుపెట్టడానికి దాదాపు బలమే అక్కర్లేదు. మూలను గుండ్రంగా కోస్తే మొదటి మిల్లీమీటరులోనే చెప్పుకోదగ్గ వెడల్పు ఎదురవుతుంది. నంబరు ప్లేటు కొట్టేవాళ్లు మూల మీద రూపాయి బిళ్ల పెట్టి దాని చుట్టూ బ్లేడు తిప్పడం మీరు చూసే ఉంటారు. అందానికే అనుకుంటాం. లెక్క మాత్రం ఇది.

ఈ లెక్కను అక్షరాలకు వేస్తే తెలుగువాళ్లకు ఒక లాభం, ఒక నష్టం తేలతాయి. మన అక్షరాల ఒళ్లు గుండ్రన, ఇంగ్లీషు 'E'లో ఉన్నన్ని పదునైన మూలలు మనకు లేవు. అది లాభం. నష్టం ఆ ఎరువుల దుకాణం బోర్డు కింది వరుసలో ఉంది: 'అలంపూర్'. ప, ష, స లాంటి అక్షరాలకు చాలా ఫాంట్లలో తలకట్టు ఒంటితో కలవదు, పైన విడిగా తేలుతుంది. 'పూ' మీది తలకట్టు అలాంటిదే. కంప్యూటరుకు అది అక్షరంలో భాగం. కోసే మిషనుకూ జిగురుకూ మాత్రం అదొక వేరే స్టిక్కరు. మూడు సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరు వెడల్పు అనుకుంటే దాని వైశాల్యం ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు, చుట్టుకొలత ఏడు సెంటీమీటర్లు. ముప్పై సెంటీమీటర్ల చదరపు స్టిక్కరుతో పోల్చితే, ప్రతి చదరపు సెంటీమీటరు జిగురూ కాపాడాల్సిన అంచు దీనికి 35 రెట్లు ఎక్కువ. పైగా రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. పాత బోర్డుల మీద గమనించండి, అక్షరాలన్నీ ఉండి తలకట్లు మాత్రం రాలిపోయినవి ఎన్నో కనిపిస్తాయి. నా దృష్టిలో ఇది ఫాంటు ఎంచుకునేటప్పుడే తెగాల్సిన సమస్య. తలకట్టు ఒంటిని తాకేలా గీసిన ఫాంటు తీసుకుంటే చాలు. కానీ బోర్డు రాయించేవాళ్లు రంగు గురించి అరగంట మాట్లాడతారు, ఫాంటు గురించి అడగరు.

గాలి, గోరు బయటి శత్రువులు. వినైల్‌కు లోపలి శత్రువు ఒకటుంది, అది తనే. ముడుచుకుపోవడం.

ఇది నేను పుస్తకంలో చదవక ముందే మా ఇంటి గోడ మీద చదివాను. పదేళ్ల కిందట ఇంటిపేరు బోర్డు నేనే చేద్దామని కూర్చున్నాను. రేకు ముక్క మీద ముదురు నీలం వినైల్ అంటించి, అంచుకు సరిగ్గా సమంగా బ్లేడుతో కోశాను. మే నెల మధ్యాహ్నం. వెంట్రుకవాసి తేడా లేదని అందరికీ చూపించుకున్నాను. దసరా నాటికి చుట్టూ మిల్లీమీటరు మేర రేకు బయటపడింది. ఆ మిల్లీమీటరులో మిగిలిన జిగురుకు దుమ్ము అంటుకొని నల్లటి గీత తేలింది. సంతాప పత్రిక అంచులాగా. ఎక్కడ తప్పు చేశానా అని చాలా రోజులు బ్లేడును అనుమానించాను.

తప్పు ఫిల్ము ఎంపికలో ఉంది. వినైల్ అంటే పాలీవినైల్ క్లోరైడ్, పీవీసీ. 1872లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్త యూజెన్ బౌమన్ చూసినప్పుడు అదొక తెల్లటి గట్టి పదార్థం, ఎవరికీ పనికిరానిది. 1926లో అమెరికాలో వాల్డో సెమాన్ దాన్ని మెత్తబరిచాడు. ఇందులో ఒక తమాషా ఉంది. ఆయన వెతుకుతున్నది రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం. జిగురు దొరకలేదు, జిగురు అవసరమయ్యే వస్తువు దొరికింది. మెత్తబరచడమంటే పీవీసీ పొడవాటి గొలుసుల మధ్య నూనెలాంటి చిన్న అణువులను దూర్చడం. ఎండకు ఆ అణువులు మెల్లగా బయటికి, జిగురులోకి వలసపోతాయి. అవి ఖాళీ చేసిన మేర ఫిల్ము కుంచించుకుంటుంది, పెళుసెక్కుతుంది. జిగురులో చేరిన మేర జిగురు పలచబడుతుంది. చవక ఫిల్ములో ఈ అణువులు మరీ చిన్నవి, తొందరగా పారిపోతాయి. ఖరీదైనదానిలో అవే పొడుగ్గా ఉండి గొలుసుల్లో చిక్కుకొని ఉంటాయి.

ఫిల్మును తయారుచేసే పద్ధతి ఇంకో కారణం. చవక ఫిల్మును వేడి రోలర్ల మధ్య నొక్కి, లాగి సాగదీస్తారు. పరోటా పిండిని ఒత్తిన ఇల్లాలికి ఈ బాధ తెలుసు. కర్ర తీయగానే పిండి వెనక్కి లాక్కుంటుంది. సాగిన గొలుసులకు పాత రూపం గుర్తుంటుంది, వేడి తగిలినప్పుడల్లా అటు పోవాలని చూస్తాయి. మంచి ఫిల్మును సాగదీయరు, పోస్తారు. ద్రవరూపంలో ఉన్నదాన్ని కదిలే కాగితం మీద పలచగా పరిచి ఓవెనులో ఆరబెడతారు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీసినట్టు. పూతరేకును ఎవరూ ఒత్తలేదు, లాగలేదు, కాబట్టి అది వెనక్కి పోవాల్సిన చోటేమీ లేదు. పోత ఫిల్ము మందం సుమారు 50 మైక్రాన్లు, ఒత్తుడు ఫిల్ము 80 నుంచి 100. పలచగా ఉన్నది నాసిరకమని బేరగాళ్లు అనుకుంటారు. ఇక్కడ వ్యవహారం తలకిందులు.

వీటికి తోడు రోజూ వచ్చే ఎండ. నడిగడ్డలో, అంటే ఈ కృష్ణా తుంగభద్రల నడిమి నేలలో, మే నెలలో గాలి వేడే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండకు నిలబడ్డ ముదురురంగు బోర్డు అంతకంటే చాలా ఎక్కువ కాగుతుంది. పగటికీ తెల్లవారుజాముకూ బోర్డు వేడిలో 40 డిగ్రీల తేడా వచ్చిందనుకుందాం. మీటరు అల్యూమినియం ఆ తేడాకు 0.9 మిల్లీమీటరు సాగి ముడుచుకుంటుంది. అదే మీటరు పీవీసీని స్వేచ్ఛగా వదిలితే రెండు మూడు మిల్లీమీటర్లు కదలాలనుకుంటుంది. జిగురు కదలనివ్వదు. ఈ పెనుగులాట రోజుకొకసారి జరుగుతుంది.

మరి నడుమ ఎందుకు ఊడదు? తాడు లాగే ఆటలో తాడు మధ్యన కట్టిన గుడ్డముక్కను తలుచుకోండి. రెండువైపులా సమానంగా లాగుతున్నారు, అది కదలదు. ఫిల్ము నడుమ ఉన్న ప్రతి బిందువుదీ అదే పరిస్థితి. పక్కవాళ్లు ఇద్దరూ లాగుతున్నారు, లెక్క సరిపోతోంది, జిగురుకు పని లేదు. అంచు దగ్గర మాత్రం ఒకవైపు లాగేవాళ్లున్నారు, రెండోవైపు ఎవరూ లేరు. ఆ లేనివాళ్ల పని జిగురు చేయాలి. ఎనిమిదడుగుల బోర్డంతటి లాగుడూ చివరి కొద్ది మిల్లీమీటర్ల జిగురు మీదే పడుతుంది. కుర్రాడు చెప్పింది ఇదే.

అంచును ముగించే తీరులు మూడు. ఫిల్మును బోర్డు అంచుకు సమంగా కోయడం, రెండు మిల్లీమీటర్లు లోపలికి కోయడం, అంచు చుట్టూ తిప్పి వెనక అంటించడం. మొదటిది నేను చేసిన పని, దాని గురించి చెప్పాను. ముడుచుకోకపోయినా, బోర్డు తుడిచే ప్రతి గుడ్డా ఆ అంచును కింది నుంచి పైకి ఎత్తుతుంది. రెండోది నాకు ఇష్టమైనది. ఫిల్ము ముందే కొంచెం లోపల ఉంటుంది కాబట్టి గుడ్డకు అందదు, కొద్దిగా ముడుచుకున్నా ఎవరికీ తెలియదు. కానీ బోర్డు యజమానికి అది కురచగా కనిపిస్తుంది. "బట్ట చాలలేదా?" అని అడుగుతారట. అందుకని చౌరస్తా బోర్డుకు మూడో తీరే.

తిప్పడంలో మోసం ఎక్కడుందంటే ఏసీపీ షీటు కోతలో. అదొక బిస్కెట్టు లాంటి షీటు. పైనా కిందా పలచటి అల్యూమినియం రేకులు, మధ్యలో పాలిథీన్. మొత్తం మూడు నాలుగు మిల్లీమీటర్లు. కోసిన అంచులో బయటపడేది ఆ పాలిథీనే. పాలిథీన్ దేన్నీ దగ్గరికి రానివ్వదు. పాలకవరు మీద స్టిక్కరు అంటించి చూడండి, తెలుస్తుంది. కాబట్టి అంచు మందం మీద ఫిల్ము అంటుకున్నట్టు కనిపిస్తుందే గానీ అంటుకోదు, వంతెనలా దాటుతుందంతే. వెనక రేకు మీద కనీసం ఒకటిన్నర సెంటీమీటరు మేర పట్టు దొరికితేనే అది నిలుస్తుంది. కోసిన చోట రేకు పదునుగా లేచి ఉంటే అది లోపలి నుంచి ఫిల్మును కోసేస్తుంది. కుర్రాడు ఆకురాయితో నాలుగు అంచులూ ఒక్కసారి రాసి, వేలితో తడిమి చూసుకున్నాడు.

మూల దగ్గర పని జూన్ నెలలో పుస్తకాలకు అట్టలు వేసినవాళ్లందరికీ వచ్చు. రెండు వైపుల నుంచి వచ్చిన కాగితం మూలలో పోగుపడుతుంది. దాన్ని ఏటవాలుగా కత్తిరించకపోతే ఉబ్బుతుంది. కత్తిరింపు మరీ మూలకు తగిలితే మూల బోసిపోతుంది. ఆయన మూల నుంచి షీటు మందమంత వదిలి 45 డిగ్రీల్లో కోశాడు. ఒక్కో వైపు అయ్యాక కట్టరు బ్లేడు కొసను పుటుక్కున విరిచి పారేశాడు. మొద్దుబారిన బ్లేడు వినైల్‌ను కోయదు, ముందుకు తోస్తుంది. తోసిన చోట ఫిల్ము అప్పుడే లేచి ఉంటుంది. బ్లేడు ముక్క విలువ రూపాయి కూడా ఉండదు గానీ, దాన్ని విరవడానికి మనసొప్పని చేతులు చాలా ఉన్నాయి.

తర్వాత హీట్ గన్. మెత్తబడితే తేలిగ్గా వంగుతుందని దాన్ని వాడతారనుకుంటాం, అది సగమే. సాగిన ఫిల్ము వెనక్కి పోవాలని చూస్తుందని చెప్పుకున్నాం, వంపు దగ్గరా అంతే. వంచి అంటించాక, ఆ సాగిన చోటును మళ్లీ సుమారు 90 డిగ్రీల దాకా కాస్తే గొలుసులు ఒకదాని మీద ఒకటి జారి కొత్త రూపంలో సర్దుకుంటాయి, పాత గుర్తు చెరిగిపోతుంది. రెండోసారి కాచడం మానేసిన బోర్డులే వర్షాకాలానికి అంచులు విప్పుతాయి. అలాగని పొగ వచ్చేదాకా కాస్తే పీవీసీ విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ముక్కు మండుతుంది.

రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాల్సిన చోట పైషీటు కిందిదాని మీదికి వస్తుంది, పెంకుల కప్పులో లాగే. తిరగేసి వేస్తే ఆ సందు వాననీటికి దోసిలి పట్టినట్టే. ఇక ప్రింటు తీసిన ఫిల్ము గురించి ఒక్క మాట. సిరాలోని ద్రావకం ఎగిరిపోకముందే, అదే రోజు లామినేషన్ కొట్టిస్తే, ఆ ద్రావకం లోపల చిక్కి జిగురును మెత్తబరుస్తుంది. అంచులు చుట్టలు చుట్టుకుంటాయి. అర్జెంటు బోర్డులు కొన్ని ఇలాగే చెడతాయి.

రహదారి మీద ఆకుపచ్చ పలకలది వేరే అంచు. రాత్రి బండి లైటుకు వెలిగే ఆ షీటు లోపల గాజు పూసలో, సన్నటి పట్టకాలో ఉంటాయి. పట్టకాల రకంలో వాటి వెనక గాలి ఉండాలి, అప్పుడే వెలుగు వెనక్కి తిరుగుతుంది. అందుకే షీటును చిన్న చిన్న గదులుగా మూసి చేస్తారు. కోసినప్పుడు అంచు వెంబడి గదులు తెరుచుకుంటాయి, తేమ అందులోకి పోతుంది, ఆ మేరకు వెలుగు చస్తుంది. పక్క గది గోడ దాన్ని ఆపుతుంది. రాత్రి కర్నూలు వైపు పోతూ బోర్డు అంచున సన్నటి చీకటి గీత కనిపిస్తే అది అదే.

సాయంత్రం గుడి చూసుకొని చౌరస్తాకు తిరిగొచ్చేసరికి బోర్డు పైకెక్కింది. కుర్రాడు నిచ్చెన మీద ఉన్నాడు. పడమటి ఎండ బోర్డు మీద ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుగులో లేచిన అంచు ఏదైనా ఉంటే సన్నటి నీడ గీతై పట్టిస్తుంది. ఆయన చూపు ఒక చివర నుంచి మొదలుపెట్టి నడిచి కింది వరుసలో ఆగింది. బొటనవేలికి గుడ్డ చుట్టుకొని, 'పూ' మీది తలకట్టును కాసేపు నొక్కి పట్టుకున్నాడు. ముందు ఒక కొస, తర్వాత రెండో కొస.

"రేపొకసారి నొక్కాల సార్," అన్నాడు దిగుతూ. "ఇంకా తాగలేదు జిగురు."

కర్నూలు బస్సు వచ్చింది.